తరుగు

కళ్ళ పరీక్ష దగ్గర డాక్టరు
చుక్కల బొమ్మల పుస్తకం తెరిచి
ఏ అంకె కనబడుతోందమ్మా అన్నాడు.
చుక్కల్లో చుక్కలు, ఎరుపులో దాక్కున్న ఎరుపు.
నవ్వొచ్చింది.
పదకొండో ఏటి నుంచీ గుంటూరు యార్డులో
గోతాం కోసి గుప్పెడు తీసి
ఇది తాలు, ఇది తేజా, ఇది మచ్చ పడ్డదని
చెబుతున్న కళ్ళివి.
పేజీ పూర్తిగా తిరగకముందే చెప్పేశాను.
ఆయన తన కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

పదో తరగతి మార్కుల కాగితం
నాన్న ట్రంకుపెట్టెలో దొరికింది,
ఒక మూల చెద తిని
నాగూర్‌బీ అన్న పేరు మాత్రం వదిలేసింది.
విచారణకొచ్చిన కానిస్టేబులు
విమానం నేర్చుకోవడానికా, మీరేనా, అని
మళ్ళీ మళ్ళీ అడిగి, టీ తాగి, సంతకం పెట్టాడు.

గంట గాల్లో ఉండాలంటే ఒక క్వింటా తేజా.
లైసెన్సుకి నలభై గంటలు.
లెక్క అలాగే వేసుకున్నాను,
రూపాయల్లో వేస్తే భయమేస్తుందని.
ధర పడిన నెలల్లో నేలమీదే ఉండిపోయాను
గాలి గురించి చదువుకుంటూ.

తెల్లవారుజాము పాసింజరులో
ఒళ్ళో వాతావరణం, దిక్కులు, గగనపు చట్టాలు.
మంగళగిరి దాటేదాకా మేఘాల పేర్లు,
కృష్ణ వంతెన మీద రేడియో భాష.
ఆల్ఫా, బ్రావో, చార్లీ అని గొణుగుతుంటే
ఎదుటి సీట్లో చేపల బుట్టావిడ
మంత్రమా తల్లీ అంది.
అలాంటిదే అన్నాను,
తప్పు పలికితే పైన ఎవరూ పలకరు.

గన్నవరంలో దైవసహాయం గారు.
వాయుసేనలో ముప్పై ఏళ్ళు చేసిన మనిషి,
మాటలు మాత్రం బొట్టు బొట్టుగా వాడేవారు.
ఎగిరే ముందు రోజూ అదే ప్రశ్న: బరువెంత?
నువ్వు, నేను, పెట్రోలు, సంచి, నీళ్ళ సీసా.
కాగితం మోసపోతుంది, రెక్క మోసపోదు అనేవారు.
మా ఊరి కాటాలు ఎన్నడూ వినని మాట.

పదిహేడో గంట నిండిన రోజు
ఇంజను ఆపనివ్వకుండానే బెల్టు విప్పుకుని దిగిపోయారు.
తలుపు మీద అరచేత్తో రెండు దెబ్బలు. అంతే.
తొంభై కిలోల మనిషి,
అంటే సరిగ్గా రెండు టిక్కీలు.
రెండు టిక్కీలు దించిన బండి ఎలా కదులుతుందో
నాకు తెలియనిది కాదు.
తెలిసీ ఉలిక్కిపడ్డాను,
నేల అంత తొందరగా నన్ను వదిలేస్తుందనుకోలేదు.

పక్క సీట్లో
బెల్టు కట్టి ఉన్న ఖాళీ.
రెక్క కింద ఏలూరు కాలువ, చెరువుల అద్దం ముక్కలు,
దూరంగా బ్యారేజీ ఒక గీత, గీత వెనక నీళ్ళు
చూడకే, వేగం చూడు, ఎత్తు చూడు
అని నన్ను నేనే కసురుకున్నాను.
దిగుతుంటే గొంతులో ఘాటు.
చున్నీ మడతలో దాక్కుని వచ్చిందన్నమాట యార్డు ధూళి!
ఐదొందల అడుగుల దగ్గర తుమ్మాను.
చక్రాలు తగిలాయి, గెంతాయి,
కాస్త సిగ్గుపడి మళ్ళీ తగిలాయి.

లాగ్‌బుక్కులో పడింది: సున్నా పాయింటు రెండు.
పన్నెండు నిమిషాలు.
యార్డులో ఏ బస్తా తూచినా తరుగు తీస్తాం,
తేమకింత, మట్టికింత, మాటకింత.
పెన్ను పట్టుకుని అలవాటుగా ఆగాను.
ఎంత వెతికినా
అందులో తీసెయ్యడానికేమీ దొరకలేదు.

ఇప్పటికి ముప్పై ఒకటి.
ఒంటరిగా దూరం పోయి రావడం ఇంకా మిగిలే ఉంది.
పైనుంచి మన మిరపకల్లాలు ఎర్రగా కనబడతాయా
అని నాన్న అడుగుతాడు.
మాఘం రానీ, చూసి చెబుతానన్నాను.
ధర కూడా రానీ అన్నాడు
పురికొస కొరుకుతూ.